ఊట నేర్చుకున్నది

గౌరీశ్వరరావు గారిని మొదటిసారి నడవమని అడిగినప్పుడు ఆయన నడవలేదు. సూది అడిగారు.

విశాఖపట్నంలో మా ప్రయోగశాల మూడో అంతస్తులో, సముద్రం వైపు కిటికీలున్న గదిలో జరిగిందది. ఆయన మా నాలుగో రోగి. ముందు ముగ్గురూ తలుపు దాకా నడిచి వెనక్కి వచ్చారు. మేం వీడియో తీసుకున్నాం. ఈయన మాత్రం కుర్చీలోనే కూర్చుని, "నడవడానికేటమ్మా, తర్వాత నడుస్తాను. ముందు ఒక సూదీ దారమూ ఇప్పించండి" అన్నారు.

నర్సు దగ్గర బొత్తాలు కుట్టుకునే సూది దొరికింది. ఆరేళ్ళుగా అన్నం ముద్ద కూడా నోటిదాకా తీసుకెళ్ళలేని ఆ చేతుల్లోకి సూది వెళ్ళింది. ఆయన దారం కొసను పెదవుల మధ్య తడిచేసి, ఎడమ కన్ను కొంచెం మూసి, ఒక్కసారే ఎక్కించారు. ఆయన భార్య పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. మేమందరం చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. ఆ క్షణం కోసం తొమ్మిదేళ్ళు పనిచేశాను.

ఊట అని పేరు పెట్టింది కూడా నేనే. అది బియ్యపుగింజ కంటే చిన్నది. రోగి చర్మం నుంచి తీసిన కణాలనే డోపమైన్ ఇచ్చే కణాలుగా పెంచి, సన్నటి తొడుగులో పెట్టి, మెదడు లోతుల్లో నాటుతాం. పక్కనే వినే చిప్పు ఒకటి ఉంటుంది. పార్కిన్సన్స్ జబ్బులో కాలు కదపాలని మనిషి అనుకుంటాడు కానీ ఆ కబురు కాలికి సరిగ్గా చేరదు. మాత్ర వేస్తే కాసేపు వరద, ఆ తర్వాత కరువు. ఊట అలా కాదు. మనిషి కదలబోయే ముందు మెదడులో జరిగే చిన్న సన్నాహాన్ని వింటుంది, ఆ పనికి ఎంత కావాలో అంతే ఊరుతుంది. ఏ పనికి ఎంత కావాలో రోజురోజుకీ నేర్చుకుంటుంది కూడా. అలా నేర్చుకోవడమే మా యంత్రం గొప్పతనమని ప్రతి సభలోనూ చెప్పేదాన్ని.

గౌరీశ్వరరావు గారిది విజయనగరం. గంటస్తంభం వెనక సందులో ముప్ఫయ్యయిదేళ్ళు ఆడవాళ్ళ జాకెట్లు కుట్టారు. ఆడవాళ్ళ ఒంటి మీద టేపు పెట్టని టైలరని ఆయనకు పేరు. సరిపోయిన పాత జాకెట్టు ఒకటి ఆదికి తెచ్చుకోవాలి. అది లేకపోతే పైడమ్మ తెర వెనక్కి తీసుకెళ్ళి కొలిచి, అంకెలు ఇవతలికి చెప్పేది. ఆయన తలెత్తకుండా రాసుకునేవారు.

ఊట నాటే ముందూ, నాటాక ప్రతి నెలా, మేం ఒక ప్రశ్నాపత్రం నింపేవాళ్ళం. పదిహేడు పేజీలు. నిద్ర, మింగడం, తూలి పడటం, మలబద్ధకం, అన్నీ ఉంటాయి. పదకొండో పేజీలో నాలుగు ప్రశ్నలు. జూదం మీద ఆపుకోలేని ఇష్టం కలిగిందా? తిండి మీద? అక్కర్లేనివి కొనడం మీద? నాలుగోది, కామవాంఛలో మార్పు వచ్చిందా, దానివల్ల ఇబ్బందికరమైన సంఘటనలు జరిగాయా అని. పాత మాత్రలతో కూడా కొందరికి ఇలాంటివి వస్తాయని మా రంగంలో అందరికీ తెలుసు. డోపమైన్ కాళ్ళూ చేతులతో ఆగదు. కావాలనిపించడాన్ని కూడా కదిలిస్తుంది.

మొదటి మూడు ప్రశ్నలూ పైకి చదివాను. ఆయన నవ్వి, "పేకముక్క పట్టుకోడమే రాదమ్మా నాకు" అన్నారు. నాలుగో ప్రశ్న పైకి చదవలేదు. ఎదురుగా మా నాన్న వయసు మనిషి, పక్కన ఆయన భార్య, వెనకాల మా నర్సు కుర్రవాడు ఫైళ్ళు సర్దుతున్నాడు. నేను తలెత్తకుండా 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టి పేజీ తిప్పాను. ఆ తర్వాత ప్రతి నెలా అలాగే పెట్టాను. ఆయన ఒక్కరికే కాదు. ఊట నాటిన పన్నెండు మందికీ.

*

దుకాణం మళ్ళీ తెరిచిన రోజు నన్నూ, మా రికార్డులు చూసే ఇంజనీరు తేజోమయినీ పిలిచారు. ఆరేళ్ళు ముసుగులో ఉన్న మిషనుకు పైడమ్మ నూనె పోసి, బల్ల తుడిచి, గోడకు కొత్త క్యాలెండరు తగిలించింది. మొదటి గుడ్డ తెచ్చినామె పేరు మాధురీలత. కరెంటాఫీసులో గుమాస్తా, నలభై ఏళ్ళుంటాయి. ఆయన మంచం పట్టిన కాలం తప్ప, ఇరవయ్యేళ్ళుగా ఆమె జాకెట్లన్నీ ఇక్కడే. అంతకు ముందు ఆమె తల్లివి.

"ఈ ఆరేళ్ళూ ఎవరెవరి చేతో కుట్టించుకున్నాను బాబాయ్. ఒక్కటీ భుజాల దగ్గర కుదిరి చావలేదు" అంటూ ఆకుపచ్చ పట్టుముక్క బల్ల మీద పెట్టింది.

ఆయన సుద్దతో గీశారు. కత్తెర తీసుకుని ఒక్క క్షణం ఆగారు. కత్తెర పట్టు మీద నడిచింది. తేజోమయి చేతిలోని టాబ్లెట్ మీద, ఊట ఎంత ఊరుతోందో చూపే గీత నిదానంగా లేచి, గుండ్రంగా తిరిగి, కోత ముగిసేసరికి మెత్తగా దిగింది. మేం చూసినవాటిలో అంత అందమైన గీత లేదు. దాన్ని మూడు సమావేశాల్లో తెర మీద చూపించాను.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో పైడమ్మ నాకు చెప్పింది. చెప్పినంతసేపూ నా మొహం చూడలేదు.

రెండో నెలలో ఆయన మధ్యాహ్నాలు దుకాణం మూసి ఇంటికి రావడం మొదలుపెట్టారట. మొదట్లో ఆమెకు నవ్వొచ్చింది. ఈ వయసులో ఇదేటండీ అని సిగ్గుపడింది, కాదనలేదు. "మంచం పట్టిన మనిషి లేచి తిరుగుతున్నాడు. దేవుడిచ్చినదాన్ని కాదంటే పాపం కదా అనుకున్నానమ్మా" అంది. ఆ తర్వాత అది రోజూ అయింది. రోజుకి రెండుసార్లయింది. ఒంట్లో బాగోలేదంటే ఆయన కోప్పడేవారు కాదు. పరాయివాడిలా బతిమాలేవారు. అది ఆమెకు కోపం కంటే కష్టంగా ఉండేది. మోకాళ్ళ నొప్పి అని చెప్పి తన పక్కను వంటింట్లోకి మార్చుకుంది. ఎవరికి చెప్పాలో తెలియలేదు. అక్కచెల్లెళ్ళకు చెబితే నవ్వుతారు. గుళ్ళో పంతులు గారికి ఏమని చెప్పుకుంటుంది? తనలోనే ఏదో లోపముందని కొన్నాళ్ళు అనుకుంది.

నాలుగో నెల పరీక్షకు ఇద్దరూ వచ్చారు. ఆయన ఫారం మీద సంతకం పెడుతుంటే పైడమ్మ నా కుర్చీ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"ఆ గింజని కాస్త తగ్గిస్తే ఏటైనా అవుద్దా అమ్మా?"

"ఎందుకండీ? చేతులు మళ్ళీ వణుకుతున్నాయా?"

"లేదు లేదు. చేతులు బాగున్నాయి."

"మరి?"

ఆమె భర్త వైపు చూసింది. నేలవైపు చూసింది. "ఏం లేదమ్మా. ఊరికే అడిగాను."

నాకు అర్థం కాలేదని చెప్పుకోలేను. ఆయన్ని బయట కూర్చోబెట్టి, తలుపు వేసి, ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. నేను గడియారం చూశాను. "ఇంత బాగా పనిచేస్తున్నప్పుడు మార్చకూడదమ్మా" అన్నాను. ఆమె తలూపింది.

అదే వారం తేజోమయి నా గదిలోకి వచ్చింది. ఇరవయ్యేడేళ్ళ పిల్ల. ఎక్కువ మాట్లాడదు.

"నాలుగో రోగి రికార్డులో ఒకటి కనిపిస్తోంది మేడమ్. ఆయన కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఊరుతోంది. మొదటి నెల వారానికి ఒకటీ అరా. ఇప్పుడు రోజుకు పది. మనం నేర్పనిది ఏదో అది నేర్చుకుంటోంది."

"కదలిక లేని చోట వచ్చేది లెక్కలోకి తీసుకోకు. వడపోతలో పెట్టెయ్."

"వడపోస్తే మనకు కనపడదు మేడమ్. ఆగదు కదా."

నిపుణుల సంఘం సమీక్ష పదిహేను రోజుల్లో ఉంది. అందులో నెగ్గితే మరో అరవై మందికి ఊట నాటడానికి అనుమతి వస్తుంది. "ముందు సమీక్ష అవనీ" అన్నాను.

సమీక్ష అయింది. మమ్మల్ని మెచ్చుకున్నారు. ఆ గీతల సంగతి మళ్ళీ నేను ఎత్తలేదు.

*

అది ఒక మంగళవారం, ఉదయం పదకొండు గంటల వేళ. పైడమ్మ హుక్కులు కొనడానికి బజారుకు వెళ్ళింది. మాధురీలత ఆఫీసుకు వెళ్తూ రెండు గుడ్డలిచ్చి పోదామని ఆగింది. సంచిలోంచి ఆది జాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని పక్కకు జరిపారు.

"ఇది పాతబడిపోయిందమ్మా, కొలత తేలదు. అలగ నిలబడు, టేపు పెడతాను."

"ఇరవయ్యేళ్ళలో ఎప్పుడూ అడగని మనిషి అడిగితే, ఏదో పని ఉండే అడిగాడనుకున్నాను" అని ఆమె తర్వాత నాతో చెప్పింది. నిలబడింది. టేపు భుజం మీదుగా వచ్చింది. ఆ తర్వాత ఆయన చెయ్యి, టేపుకు ఏ పనీ లేని చోట ఆగింది. ఆయన ఒక మాట కూడా అన్నారు. ఆ మాట ఆమె నాకు ఒకసారి చెప్పింది. అది ఇక్కడ రాయను.

ఆమె ఆ చేతిని విదిలించి కొట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. గుడ్డలు బల్ల మీదే ఉండిపోయాయి.

మర్నాడు ఉదయం మెట్టు మీద నిలబడి, లోపలికి రాకుండా పిలిచింది.

"పిన్నీ, నా గుడ్డలిచ్చెయ్యండి."

"ఇంకా కుట్టలేదు కదమ్మా, నిన్ననే కదా ఇచ్చావు" అంది పైడమ్మ.

"కుట్టక్కర్లేదు."

పైడమ్మ భర్త వైపు చూసింది. ఆయన మిషను మీద చేతులు పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు. మెడ మీద చెమట పట్టి ఉంది. ఆమెకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. గుడ్డలు మడతపెట్టి ఇచ్చింది.

మాధురీలత వీధిలో అరవలేదు. తల్లికి చెప్పింది, అక్కకు చెప్పింది. అంతే. ఆ వారమంతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఊరికి వెళ్తున్నామని కొందరన్నారు. కొందరు ఏమీ అనలేదు. అప్పటికే కత్తిరించిన గుడ్డలుంటే పైడమ్మ వీపు ముక్క, ముందు ముక్కలు, చేతులు వేరుపడిపోకుండా అంచు పీలికతో కట్టి మరీ ఇచ్చింది. పైపైన వెతుక్కునే వాళ్ళకు తానే వెతికి తీసి ఇచ్చింది. శనివారానికి బల్ల ఖాళీ అయింది.

*

పదో రోజున ఆయన ఒక్కరే బస్సెక్కి ప్రయోగశాలకు వచ్చారు. గడ్డం పెరిగి ఉంది. నడక మాత్రం ఇరవయ్యేళ్ళవాడి నడకలా ఉంది. అది చూసి నాకు ముందు సంతోషమే కలిగింది. అదీ చెప్పాలి.

"మగ డాక్టరు గారెవరూ లేరా అమ్మా?"

"ఈ పూట లేరండీ. నాతో చెప్పండి."

ఆయన కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, సముద్రాన్ని చూస్తూ చెప్పారు. మధ్యాహ్నాల సంగతి, ఫోనులో చూసే బొమ్మల సంగతి, మంగళవారం సంగతి. ఏదీ దాచలేదు.

"చెయ్యి వెళ్తున్నాదని నాకు తెలుస్తానే ఉంది. కూడదనీ తెలుసు. ఆపుదామంటే ఆపేవాడు లోపల లేడమ్మా. ఆ పిల్లని నేను ఇంతప్పట్నుంచి ఎరుగుదును. ఇది నేనేనా, మీరు పెట్టిన గింజా? అది చెప్పండి చాలు."

నేను తేజోమయిని పిలిచాను. ఆమె వడపోత తీసేసి ఆ మంగళవారం రికార్డు తెచ్చింది. దాని మీద, ఏ ఉద్దేశంతోనో, దుకాణం తెరిచిన నాటి గీతను కూడా పెట్టింది. ఒకటి పట్టు మీద మొదటి కోత, ఇంకొకటి మంగళవారం ఉదయం పదకొండు గంటలు. రెండూ ఒకే చోట లేచి, ఒకే విధంగా తిరిగి, ఒకే చోట దిగాయి. ఏది ఏదో మాకే తెలియలేదు. ఆయన చేతికి పనితనాన్ని తిరిగి ఇచ్చిన ఊటే మరో దారి పట్టింది. ఆ తేడా దానికి తెలియదు. ఎక్కడ ఎక్కువగా కావాలనిపిస్తే అక్కడ ఎక్కువగా ఊరింది. ఎంత ఊరితే అంత కావాలనిపించింది.

"ఇది యంత్రం చేసిన పని. మీ తప్పు కాదు" అన్నాను. చాలా తొందరగా అన్నాను.

ఆయన గీతల వైపు చూసి, తేజోమయి వైపు చూసి, నన్నడిగారు. "మీకెప్పుడు తెలిసిందమ్మా?"

తేజోమయి తల దించుకుంది.

"ఏడు వారాల కిందట" అన్నాను.

"మా ఇంటిది మిమ్మల్ని అడిగిందంట కదా, తగ్గించమని."

"అడిగారు. ఎందుకని నేను సరిగ్గా అడగలేదు. ఆ కాగితంలో ఈ ప్రశ్న మొదటి నుంచీ ఉంది. మిమ్మల్ని అడగకుండానే లేదని రాసుకున్నాను."

"ఎందుకమ్మా?"

"సిగ్గేసింది."

తిడితే బాగుండుననిపించింది. ఆయన మెల్లిగా, పిల్లకు చెప్పినట్టు చెప్పారు. "మేం చదువు లేనివాళ్ళం, సిగ్గుపడ్డాం. మీరూ అదే చేస్తే మాకెలగమ్మా?"

ఆ రోజే ఆయన్ని చేర్చుకున్నాం. పైడమ్మ వచ్చింది. ఊట నేర్చుకున్నదాన్ని మరిపించడానికి తొమ్మిది రోజులు ప్రయత్నించాం. తప్పు దారిలో ఊరినప్పుడల్లా చిప్పుకు వద్దని చెప్పాం. ఆరో రోజుకు ఆయన మొహం తేటపడింది. పైడమ్మ మంచం పక్కన కూర్చుని ఆయనతో మామూలుగా మాట్లాడింది. ఏడో రోజున గుడ్డముక్కా కత్తెరా ఇచ్చి చూశాం. కత్తెర రెండంగుళాలు నడిచి ఆగిపోయింది. ఆయన దాన్ని చూస్తూ కూర్చున్నారు. వేళ్ళు మూసుకోలేదు.

"ఒకటే ఊట మేడమ్. దీనికొకటి, దానికొకటి లేవు" అంది తేజోమయి.

ఊటను సగంలో పెట్టవచ్చు. చేతులు కొంత ఆడతాయి, కోరిక కొంత తగ్గుతుంది. ఆ సంగతి ఇద్దరికీ చెప్పాను. ఆయన విని, "సగంలో పెడితే ఇంకెప్పుడూ అలగ జరగదని రాసిస్తారా?" అన్నారు.

"రాసివ్వలేనండీ."

"అయితే పూర్తిగా కట్టీండి."

అప్పటిదాకా ఎన్నడూ నా ముందు ఏడవని పైడమ్మ ఏడ్చింది. "కట్టీకండమ్మా. నేను చూసుకుంటాను. దుకాణం వద్దు, ఇంట్లోనే ఉంటారు. ఆరేళ్ళు ఈ మనిషికి నేను బొత్తాలు పెట్టాను, అన్నం తినిపించాను, నీళ్ళు పోశాను. మళ్ళీ మొదటికంటే నావల్ల కాదు."

ఆమె మాటల్లో అబద్ధమేమీ లేదు. మేం కట్టేస్తే ఆ బరువు ఎవరి మీద పడుతుందో మా పదిహేడు పేజీల్లో ఎక్కడా అడగలేదు.

"పైడీ" అన్నారు ఆయన. ఆ పేరుతో పిలవడం నేను వినడం అదే మొదలు. "ఈ చేతులతో ఇంట్లో ఉంటే నీ మొహం చూళ్ళేను. అవి పోతే పోనీ. నువ్వు తినిపించు. నీ మొహం చూసి తింటాను."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని సరేనంది.

సాయంత్రం నాలుగింటికి ఊటను ఆపాం. అరగంట గడిచేసరికి ఆయన కుడి బొటనవేలు చూపుడు వేలి మీద తిరగడం మొదలైంది, కనపడని మాత్రను నలుపుతున్నట్టు. ఆయన ఆ చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

*

జరిగినదంతా రాసి, ప్రయోగాల నైతికత చూసే సంఘానికి పంపాను. టిక్కుల సంగతి మొదటి పేరాలోనే రాశాను. ప్రయోగం ఆగింది. నన్ను బాధ్యత నుంచి తప్పించారు. అది సబబే. అప్పగింతలకు నాకు మూడు వారాల గడువిచ్చారు. ఆ మూడు వారాల్లో మిగతా పదకొండు కుటుంబాలనూ పిలిపించాను. భర్తను ఒకసారి, భార్యను ఒకసారి, విడివిడిగా, తలుపు వేసి, నాలుగో ప్రశ్న పైకి చదివాను. మొదటిరోజు కాగితం మీంచి తలెత్తకుండా చదివాను. మూడో రోజుకు మొహాలు చూసి చదివాను. పదకొండు ఇళ్ళలో ఆరిళ్ళు అవునన్నాయి. పాలకొండ నుంచి వచ్చిన ఒకావిడ నా ప్రశ్న పూర్తికాకముందే కళ్ళు మూసుకుంది. "ఎప్పుడడుగుతారా అని ప్రతి నెలా మీ మొహం చూసేదాన్ని" అంది.

ఆఖరి వారంలో పైడమ్మ ఫోను చేసింది. ఆయన మాధురీలత ఇంటికి వెళ్తానంటున్నారట. "గింజ సంగతి మేం చెబితే సాకనుకుంటాది. మీరొచ్చి చెప్పాలమ్మా."

నేను మాధురీలతకు ఫోను చేసి, నేనెవరో చెప్పి, ఆయన్ని తీసుకుని రావచ్చా అని అడిగాను. ఆమె "రమ్మనండి. వరండా వరకే" అంది.

ఆదివారం ఉదయం వాన పడి వెలిసింది. వరండాలో ఆమె నిలబడే ఉంది. మమ్మల్ని కూర్చోమనలేదు. నేను చెప్పవలసింది చెప్పాను. ఊట ఏమిటో, అది ఏం నేర్చుకుందో, ఆ సంగతి నాకెప్పుడు తెలిసిందో, తెలిసీ ఏం చేశానో. ఆమె మధ్యలో ఆపకుండా విన్నది.

"అంటే ఈయన తప్పేం లేదంటారు."

"నా తప్పుందని చెబుతున్నానండీ."

"అది మీరూ మీరూ చూసుకోండి. ఆ చెయ్యి పడింది నా మీద. ఇప్పుడు బస్సులో పక్కన ఎవరు నిలబడ్డా నాకదే గుర్తొస్తాది. మా నాన్న పోయాక మా ఇంట్లో పెళ్ళికి పెద్దరికం ఈయనే చేశాడు. ఆ రోజులు కూడా పాడైపోయాయి. దానికి మీ దగ్గర మిషనేదైనా ఉందా?"

నా దగ్గర ఏమీ లేదు. అదే చెప్పాను.

గౌరీశ్వరరావు గారు అప్పుడు తల ఎత్తారు. వాక్యం ఒక్కో ముక్కగా వచ్చింది. గొంతు మళ్ళీ లోపలికి పోయింది, వంగి వింటే తప్ప వినపడదు.

"డాక్టరమ్మ గారు గింజదంటారు. చెయ్యి నాదమ్మా. నోరు నాది. నిన్ను అలగన్నాను. అది నేనే చేశాను. మళ్ళీ నీ గడప తొక్కను. ఈ మాట చెప్పీసి వెళ్ళిపోదామని వచ్చాను."

మాధురీలత మొహం పక్కకు తిప్పుకుంది. సరేనని అనలేదు. క్షమించానని అనలేదు. ఆయనా దానికోసం ఆగలేదు. వెళ్ళిపోవడానికి తిరిగారు.

వరండా చివర మెట్టు దగ్గర ఆయన కాళ్ళు ఆగిపోయాయి. ఈ జబ్బులో అది తరచూ జరుగుతుంది. పాదాలు నేలకు అంటుకుపోతాయి, ఒళ్ళు మాత్రం ముందుకు వెళ్ళాలని చూస్తుంది. మడమలు వణికాయి. అడుగు పడలేదు. ఆయన మెడ ఎర్రబడింది. వెళ్ళిపోతానని చెప్పిన ఇంట్లో, ఆమె చూస్తుండగా, కదల్లేక నిలబడిపోయారు. పైడమ్మ మోచెయ్యి పట్టుకుని లాగింది. ఆయన ముందుకు తూలారు తప్ప పాదం లేవలేదు.

"లాగకండి, పడిపోతారు" అన్నాను. "కాలి ముందు ఏదైనా అడ్డంగా ఉంటే దాటగలరు. నడవమంటే నడవలేరు కానీ దాటమంటే కాలు లేస్తుంది."

నా చేతిలో ఏమీ లేదు. పైడమ్మ ఆయన్ని వదిలితే పడిపోయేటట్టున్నారు. ఇద్దరం చుట్టూ చూశాం.

మాధురీలత గోడకు ఆరబెట్టిన గొడుగు తీసుకుంది. దాన్ని మడిచింది. ఆయన పక్కనుంచి కాక, చుట్టూ తిరిగి మెట్టు వైపు నుంచి వచ్చి, వంగి, ఆయన పాదాల ముందు నేల మీద అడ్డంగా పెట్టింది. ఆయన్ని ముట్టుకోలేదు. పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడింది.

ఆయన గొడుగు వైపు చూశారు. కుడికాలు లేచింది. దాటింది. తర్వాత ఎడమకాలు. అక్కణ్ణుంచి పైడమ్మ పట్టుకుని ఒక్కో మెట్టూ దింపింది. ఆయన వెనక్కి తిరగలేదు.

మేం గేటు దాటాక నేను ఒకసారి తిరిగి చూశాను. మాధురీలత గొడుగు తీసి, వరండా మీద పడిన నీటి బొట్లను పాదంతో తుడిచి, లోపలికి వెళ్ళింది. తలుపు వేసిన చప్పుడు వినపడలేదు. చాలా నెమ్మదిగా వేసి ఉంటుంది.